పాలప్ప ఆవు ఎందుకు రాలేదంటే

పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు కదిలేటప్పటికి దేవరాజులు ఒళ్ళో ఒక పలుపు ఉంది. కొత్త పలుపు, నిన్న కుప్పంలో నాలుగు అంగళ్ళు తిరిగి ఏరి తెచ్చుకున్నది, దాని అవతలి కొసన ఒక ఆవు ఉండాల్సింది. ఆవు లేదు. గంటలో మదనపల్లె వచ్చేస్తుంది. ఆ గంటలోగా ఆవు ఎందుకు లేదో ఒక కారణం పుట్టాలి, అదీ మామూలు కారణం కాదు, వినేవాళ్ళు చేతిలో పని పక్కన పెట్టి నోరు తెరుచుకుని వినే కారణం, ముప్పై నాలుగేళ్ళ కిందట రోజుకొకటి చొప్పున సైకిలు తొక్కుతూ తొక్కుతూ పుట్టించినట్టుగా. అప్పుడు పాలు పోసే మదనపల్లె మగ్గాల పేట నీరుగట్టువారిపల్లెకు ఊరి నుంచి ఆరు కిలోమీటర్లు. మిట్ట ఎక్కేటప్పుడు ఆవును ఇంటి నుంచి తప్పించేవాడు, మిట్ట దిగేటప్పుడు దాన్ని ఎక్కడో ఒక చోట ఇరికించేవాడు, మొదటి మగ్గం చప్పుడు చెవిన పడేలోగా దాన్ని క్షేమంగా ఇంటికి చేర్చి పాలు కూడా పిండేసేవాడు. ఇప్పుడు తొక్కే పని లేదు, ఊరికే కూర్చుంటే బస్సే తీసుకుపోతుంది, అందుకే కాబోలు బుర్ర కదలడం లేదు. అబద్ధానికి కూడా కాళ్ళు ఆడాలేమో.

తప్పు ఫోనుది. ఫోనులో ఎదుటి మనిషి ముఖం కనబడదు కాబట్టి మాట జారిపోతుంది. పోయిన బుధవారం కూతురు మునీశ్వరి ఆఫీసుకు పోయాక, కుప్పంలో ఆమె ఇంటి అరుగు మీద శనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటే మోగింది. జానెడావు కత చెప్పిన పాలప్ప మీరేనా అని ఒక ఆడమనిషి గొంతు. అన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. తనంతట తాను చెప్పుకోవడమే తప్ప ఎవరూ అడిగిన పాపాన పోలేదు. జానెడావు అంటే టీవీలో ఆదివారం పొద్దున వచ్చిన పిల్లల బొమ్మల సీరియలు, పదమూడు ఆదివారాలు, జానెడు ఎత్తుండే పుంగనూరు ఆవు, దాని వెనక చెంబు పట్టుకుని పరుగెత్తే పాలాయన. చివర్లో పేర్లు పడేటప్పుడు 'కథ: పాలప్ప' అని రెప్పపాటు కనబడేది. పాలు పోసేవాడు కాబట్టి ఆ బొమ్మలు గీసిన శారదమ్మ టీచరు అట్లా పిలిచేది, అసలు పేరు ఆమె అడగలేదు, తాను చెప్పలేదు. ఆ పాలప్పను నేనే అంటే కుప్పంలో టీ అంగడి లక్ష్మీపతి గ్లాసు కడుగుతూ, "నువ్వు ఆ పాలప్పవైతే నేను ఆ ఆవునప్పా, కొంచెం గడ్డి వేసి పో" అంటాడు. అన్నా అన్నాడు గానీ ఆ ఎగతాళిని వాడే పదిమందికి చెప్పాడు, అది చేతులు మారి మారి చివరికి ఆ ఫోను చేసిన హేమలత దాకా పోయింది. ఆమె సినిమా తీస్తుందట. ఆ బొమ్మల కథనే ఇప్పుడు మనుషులతో, ఇంటిల్లిపాదీ కూర్చుని నవ్వుకునే సినిమాగా తీస్తుందట. ఆవును ఎత్తుకుపోయే గద్దను కంప్యూటర్లో పెట్టుకుంటాం, అది ఆవును దించే కోటను ఉన్న చోటనే తీసుకుంటాం, ఆవు మాత్రం నిజం ఆవే కావాలప్పా అంది. ఇంకా ఒక మాట అంది. ఇప్పటికే ఇద్దరు వచ్చి మేమే పాలప్పలం అంటున్నారు, ఒకరిది వాల్మీకిపురం, ఒకరిది గుర్రంకొండ, టీచరమ్మకు చూపు ఆనడం లేదు, ఆ ఆవు సంతతి ఏమైనా మీ దగ్గర ఉందా అంది. ఈయన నోరు ఈయనను అడగలేదు. "ఉండాది కదమ్మా. మనవరాలు ఉండాది. అచ్చం అవ్వ పోలికే" అనేసింది. అయితే దాన్ని తోలుకుని మదనపల్లెకు, టీచరమ్మ బొమ్మలు గీసిన గదికే రాండప్పా అంది ఆమె.

అవ్వే లేదు, మనవరాలు ఎక్కణ్ణుంచి వస్తుంది. ఉన్నదల్లా ఒక ఎనుము, తారు డబ్బా అంత నల్లగా, గాదె అంత కడుపుతో, నీళ్ళగుంట కనబడితే దిగి మధ్యాహ్నం దాకా లేవని ఎనుము. శారదమ్మ టీచరు మొదటి రోజున, డాక్టరు ఆవు పాలే తాగమన్నాడప్పా, నీది ఆవేనా అని అడిగింది. ఆవే, పుంగనూరు ఆవు, ఇంతే ఉంటుంది అని మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. ఎనుము పాలలో నీళ్ళు లెక్క ప్రకారం పోస్తే ఆవు పాలవుతాయి, ఆ లెక్క ఆ చుట్టుపక్కల దేవరాజులు ఒక్కడికే తెలుసు. ఒకనాడు లెక్క తప్పి మరీ పల్చబడితే, రాత్రి ఆవు వానలో తడిసింది టీచరమ్మా, మనిషి తడిస్తే జలుబు చేస్తుంది, ఆవు తడిస్తే పాలకు చేస్తుంది అన్నాడు. ఆమె పెన్సిలు ఆపి చాలాసేపు ఈయన వైపు చూసి, ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పు అంది. తిడుతుందనుకున్నాడు. రాసుకుంది. అంతే, మొదలైంది అక్కడే.

బస్సు ఒక మిట్ట ఎక్కుతూ ఊపిరి బిగబట్టింది. కిటికీ బయట టమోటా తోటల కట్టెలు వరసగా వెనక్కి పోతున్నాయి, ఒక్కో కట్టె ఒక్కో బొమ్మ లాగా. సెకనుకు పన్నెండు బొమ్మలప్పా అని చెప్పేది ఆమె, ఆవు తోక ఒకసారి ఇటు నుంచి అటు పోవాలంటే పద్దెనిమిది షీట్లు. బడిలో డ్రాయింగు చెప్పి వచ్చి, నూలు అంగడి మిద్దె మీద రెండు గదులు బాడుగకు తీసుకుని, గాజు పలక కింద ట్యూబులైటు పెట్టుకుని, ఆ వెలుతురు గడ్డం కిందుగా పడుతూ ఉంటే వంచిన తల ఎత్తకుండా గీసేది. చుట్టూ మగ్గాలు టకటకలాడుతుంటే ఆ టకటకకే పెన్సిలు నడిచేది. ఎనిమిది వేల షీట్లు. తను ఒక్క అబద్ధం ఆడడానికి ఆరు కిలోమీటర్లు పట్టేది, దాన్ని ఆమె నిజం చెయ్యడానికి రెండు నెలలు పట్టేది. అబద్ధం ఆడడం ఏముంది, గాలికి పోయే పని. ఆ గాలిని పట్టుకుని కాళ్ళు పెట్టి, గిట్టలు పెట్టి, గిట్ట కింద నీడ పెట్టి, ఆ నీడ కూడా ఆవుతో పాటు నడిచేట్టు చేసిన మనిషిని ఏమనాలి. గద్ద ఆవును ఎత్తుకుపోయి గుర్రంకొండ కోట మీద దించిందని ఈయన ఒక్క మాటలో అనేసి చెంబు వంచుతుంటే, గద్ద కాళ్ళలో ఆవు కాళ్ళు ఎట్లా వేలాడతాయప్పా, ముందుకా వెనక్కా అని అడిగింది. అడిగితే తెలిసింది, తన అబద్ధంలో ఎన్ని ఖాళీలున్నాయో. వాయల్పాడు బడిలో ఆవు చివరి బెంచీ మీద కూర్చుని హాజరు పలికిందంటే, పలక ఏ వైపు పెట్టుకుంది అని అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పాడు. ఒకనాడు మాత్రం, దాని కళ్ళు ఎట్లుంటాయప్పా అని అడిగినప్పుడు, తెలిసిన కళ్ళు ఒక జతే కాబట్టి ఆ జతనే చెప్పేశాడు. పెద్దవి, కొంచెం తడిగా, నవ్వుదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టు, రెప్ప పైన సన్నటి మడత. భార్య పార్వతమ్మ కళ్ళు.

"టికెట్టు, టికెట్టు. ఆడోళ్ళు ఆధార్ తీసి పెట్టుకోండమ్మా." కండక్టరు వచ్చాడు. పక్క సీట్లో ఒడి నిండా ఖాళీ సంచులతో కూర్చున్న ఆమె, రెండు స్టేజీల ముందే తన పేరు మునిరత్నమ్మ అనీ టమోటా మార్కెట్టుకు పోతున్నాననీ చెప్పేసిన ఆమె, రవికలో నుంచి కార్డు తీసి చూపించింది. కండక్టరు కార్డును చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ కార్డును చూశాడు.

"ఇది నువ్వేనామ్మా?"

"నేనేప్పా. ఆ పొద్దు ఫోటో తీసేవోడు నవ్వద్దన్న్యాడు. నవ్వకుంటే మేం అట్లే ఉంటాం."

"నవ్వు సూద్దాం."

"బస్సు ఉచితమంటే నవ్వు కూడా ఉచితమా? సున్నా టికెట్టు కొట్టు ముందు." బస్సులో నలుగురు నవ్వారు. ఆమె దేవరాజులు ఒళ్ళోకి చూసి, "ఏమప్పా, పలుపు ఉండాది, పసరం యాడ?" అంది. "వస్తాండాదమ్మా" అన్నాడు ఈయన, అలవాటు కొద్దీ. "ఎనకబస్సులోనా?" అంది ఆమె.

వస్తూ ఉంటే ఎంత బాగుండు. ప్రయత్నం చెయ్యక కాదు. చీకటితోనే కుప్పంలో బస్సెక్కి ఎనిమిదింటికల్లా పుంగనూరులో దిగి, పొట్టి ఆవుల్ని పెంచే వాళ్ళ కొట్టం ఎక్కడో కనుక్కుని ఆటోలో పోయాడు. ఒక్కరోజు అడిగి తెచ్చుకుందామని, మనవరాలని చూపించి మాపటికి తిరిగి తోలిద్దామని. గేటు దగ్గర చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కోమన్నారు. లోపల ఆవులకు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కింద రబ్బరు పట్టాలు, నుదుట బొట్లు. పెంచే ఆయన మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు, ఇంటి ఆడబిడ్డల్ని ఒక్కరోజుకు పంపుతామాప్పా, ఇవీ అంతే అన్నాడు. ఆ నిమిషంలోనే ఒక ఆవు వచ్చి మోకాలికి తల ఆనించింది. తెల్లది, వెన్న ముద్ద లాగా. మూపురం అరచేతిలో ఇమిడిపోయింది, తోక కుచ్చు నేలకు తగులుతోంది. చిన్నప్పుడెప్పుడో సంతలో దూరం నుంచి చూసిందే తప్ప ముట్టుకోవడం డెబ్బై నాలుగేళ్ళలో ఇదే మొదలు. వెచ్చగా ఉంది. జీవితంలో ఎన్నో కోతలు కోశాడు గానీ, ఇంత బాగుంటుందని కొయ్యలేకపోయాడే. జానెడు అని తను హద్దు మీరి చెప్పాననుకున్నాడు, అది నిజానికి హద్దులోపలే ఆగిపోయింది. ఇంకా సిగ్గు ఏమిటంటే, దాని కళ్ళు. వంగి చూశాడు. తనేమీ అబద్ధం చెప్పలేదు. రెప్ప పైన మడత కూడా ఉంది.

పార్వతమ్మకు ఉబ్బసం. చలి పొద్దుల్లో ఊపిరి ఆడేది కాదు, గోడకు దిండు వేసి కూర్చోబెట్టి వీపు రుద్ది, పొయ్యి వెలిగించి సంగటి గెలికి, చిన్నదానికి జడ వేసి బడికి పంపి, అప్పుడు పాలు పిండుకుని బయల్దేరితే ఎనిమిదిన్నర. రోజూ పాలు ఆలస్యమవడానికి అసలు కారణం అది. ఆ మాట చెప్తే శారదమ్మ అయ్యో అనేది, మరుసటి రోజూ అయ్యో అనేది, మూడో రోజు వేరే పాలాయనను చూసుకునేది, అందులో ఆమె తప్పేమీ లేదు. పైగా ఒకరి ఊపిరిని ఇంకొకరి కాఫీకి సంజాయిషీగా ఇవ్వడం ఈయనకు మనసొప్పలేదు. ఆవు ఎవరిదీ కాదు, దాన్ని ఎంతైనా వాడుకోవచ్చు. ఖాళీ క్యాను చప్పుడు చేసుకుంటూ ఇంటికి వచ్చేసరికి పార్వతమ్మ ఎండ పొడలో కూర్చుని ఎదురు చూసేది. "ఏం జెప్తివి ఈపొద్దు?" ఆవు శనక్కాయ మూటలో దూరి మార్కెట్టుకు పోయిందని చెప్తిని. తూకం వేసినోడు ఈ కాయలేంది కదుల్తాండాయి అన్న్యాడని చెప్తిని. నవ్వేది. నవ్వితే ఆయాసం వచ్చేది, ఆయాసం వస్తే వద్దని చెయ్యి ఊపేది, ఊపుతూనే, అప్పుడు టీచరమ్మ ఏమనిందని అడిగేది. ఆవు లేదన్న సంగతి ఈ లోకంలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆదివారం పొద్దున రెడ్డివాళ్ళ ఇంట్లో టీవీ ముందు, ఊరంతా ఆవును చూస్తుంటే ఆమె ఈయనను చూసి కళ్ళతో నవ్వేది. ఆవు అక్కడ అవే కళ్ళతో తిరిగేది. అది ఆమెకు చెప్పనేలేదు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆమె పోయింది, మొన్న కార్తీకానికి పదకొండేళ్ళు.

ఆ హేమలత కూడా అట్లాగే తన ఊళ్ళో రెడ్డివాళ్ళ టీవీ చూసిన పిల్లే. కుప్పం పక్క పల్లె, వాళ్ళమ్మ ఆ రెడ్డివాళ్ళ ఇంట్లోనే కూలి. లోపలికి రానిచ్చే రోజులు కావు, కిటికీ బయట నిలబడి చూసేదట, కిటికీ రెక్క ఒకటి బిగుసుకుపోయి టీవీలో కుడి పక్క సగమే కనబడేదట. ఆవు సగంలోకి వస్తే ఆవు, పోతే పోయింది. అది కనబడని సగంలోకి పోయినప్పుడు ఏమేం చేసుంటుందో దారి పొడుగునా తనే కల్పించుకుంటూ ఇంటికి పోయేదట. పెద్దయి, సినిమాల్లో చేరి, పాత టేపు ఎక్కడో పట్టుకుని పూర్తి బొమ్మ చూసినప్పుడు, "నేను అనుకున్న సగమే బాగుండాదప్పా, దాన్ని తీస్తాండా" అంది ఫోనులో, నవ్వకుండా. ఆ మాట విన్నప్పటి నుంచి ఈయనకు ఆమె మీద ఎంత గౌరవమో. సగం చూసి మిగతా సగం కట్టుకున్న పిల్ల. తను సగం అబద్ధం చెప్పాడు, శారదమ్మ దాన్ని నడిపించింది, ఈ పిల్ల దానికి రక్తమాంసాలు ఇస్తానంటోంది. ఆ ఇద్దరి ముందు ఇప్పుడు ఒట్టి పలుపుతో నిలబడాలి. నువ్వు పాలప్పవు కాదు పో అంటే, పోవాలి. లక్ష్మీపతి టీ అంగడి ముందు నుంచే పోవాలి. పేరు తెర మీద పడకపోతే పోనీ, ఇంకోడి పేరు పడుతుంది కదా, వాల్మీకిపురం వాడిదో గుర్రంకొండ వాడిదో. పార్వతమ్మ నవ్విన నవ్వులన్నీ వాడివైపోతాయి కదా.

అదిగో, ఊరు కనబడుతోంది, లారీల మీద టమోటా ట్రేలు, ఎర్రగా. మునిరత్నమ్మ సంచులు సర్దుకుంటూ ఆధార్ కార్డును మళ్ళీ రవికలో దోపుకుంది, సరిగ్గా అప్పుడు పుట్టింది కారణం. ఒక్క ఊపున, గిట్టలతో సహా. ఆవు ఆడది కదా. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా. కండక్టరు ఆధార్ అడిగాడు. ఆవు అలిగి దిగి, సచివాలయానికి పోయి వరసలో నిలబడింది, వేలిముద్ర వెయ్యమంటే గిట్ట పెట్టింది, మిషను తీసుకోలేదు, ఎత్తు ఎంత అంటే జానెడంది, పసిపిల్లల వరసలోకి పొమ్మన్నారు. దేవరాజులుకు వెన్నులో పాత సైకిలు కదిలినట్టయింది. దిగి, ఆటో ఎక్కకుండా నడిచాడు, నడిస్తే ఇంకా పెరుగుతుందని.

నూలు అంగడి అట్లాగే ఉంది. మెట్ల కింద స్తంభానికి రెండు ఆవులు కట్టేసి ఉన్నాయి. రెండూ పుంగనూరు ఆవులే, నిజమైనవి, పొట్టివి, ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. పక్కన ఇద్దరు ముసలివాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో బెంచీ మీద కూర్చుని, ఒకరినొకరు చూసుకోకుండా టీ తాగుతున్నారు. దేవరాజులుకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. వాళ్ళు తెచ్చుకున్నారు. పలుపును మడిచి చంకలో దాచుకుని మెట్లెక్కాడు. ఆ పదిహేను మెట్లకు మోకాళ్ళు పదిహేను మాటలు అన్నాయి.

హేమలత తలుపు దగ్గరే ఉంది, నలభై లోపు మనిషి, జడలో పెన్ను దోపుకుని. "రాండప్పా" అంటూ ఆయన భుజం మీదుగా మెట్ల వైపు చూసింది, అక్కడేమీ రాలేదు. కిటికీ పక్క కుర్చీలో శారదమ్మ, తల ముగ్గుబుట్ట, అద్దాల వెనక చూపు ఎటో ఉంది. గోడలకు పాత షీట్లన్నీ పిన్నులతో గుచ్చారు, నాలుగు గోడలకూ, కింది నుంచి పై దాకా. ఆవు గద్ద కాళ్ళలో, ఆవు బెంచీ మీద, ఆవు మూటలో. ఎటు తిరిగినా ఆ కళ్ళే, నవ్వుదామా వద్దా అని. ఏం జెప్తివి ఈపొద్దు? ఆధార్ కథ నాలుక కొస దాకా వచ్చి ఆగిపోయింది. అన్నీ తెలిసిన మనిషి అన్ని వైపుల నుంచీ చూస్తుంటే ఎవరైనా ఏం కోస్తారు.

"ఆవు లేదు టీచరమ్మా" అన్నాడు. "ఈపొద్దే కాదు, ఎప్పుడూ లే. అది ఎనుము. నీళ్ళు కలిపి పోసినా. పొద్దున్నే మా ఆడమనిషికి ఊపిరాడదు, అందుకే ఆలీసమయ్యేది. ఆవూ లే, గద్దా లే."

కింద ఎక్కడో ఒక మగ్గం ఆగి, మళ్ళీ మొదలైంది. శారదమ్మ ముఖం మాట వచ్చిన వైపు తిరిగింది. తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"హేమలతా, కింద ఉండే వాళ్ళిద్దరికీ కాఫీ ఇచ్చి పంపీమ్మా. ఈయనే."

"ఎట్లా టీచర్? ఆవే లేదంటాండాడు."

"వాళ్ళు ఆవుల్ని తోలుకోనొచ్చినారు కదా, అందుకే వాళ్ళు కాదు. పాలప్ప ఒక్కనాడన్నా నాకు ఆవును చూపించినాడా? ఎనిమిది వేలసార్లు గీస్తి. దాన్ని పట్టుకోని, లేదంటాండాడు సూడు. ఇన్నేళ్ళకు వచ్చినా బలే పెద్ద కోతే తెచ్చినాడు." కళ్ళద్దాలు తీసి పైటతో తుడుచుకుంది, కళ్ళను కూడా. "పాల సంగతి నాకు మొదటి రోజే తెలుసులేప్పా. ఆయమ్మ సంగతే నువ్వు చెప్పకపోతివి. కూర్చో." పాత రోజుల గొంతుతో అడిగింది. "అది సరే. ఈపొద్దు ఎందుకు రాలేదు, అది చెప్పు."

దేవరాజులు గోడ వైపు ఒకసారి చూశాడు. చంకలో నుంచి పలుపు తీసి, మడత విప్పి, ఆమె కాళ్ళ దగ్గర, ఎప్పుడూ క్యాను పెట్టే చోటనే పెట్టి, పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏం జెప్పేది టీచరమ్మా. కుప్పంలో నాతోపాటే బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుంటానంటే కూర్చోబెట్టినా. పుంగనూరు దాటినామో లేదో, కండక్టరు వచ్చి ఆధార్ అడిగినాడు."

శారదమ్మ చెయ్యి బల్ల మీద పెన్సిలు కోసం తడుముతోంది.